నాలుగో గంట

అమలాపురం బస్టాండు పక్కన సాయంత్రాలు నూడిల్స్ బండి పెడతారు. పెనం మీద వెనిగర్ చల్లినప్పుడల్లా ఆ పుల్లటి ఘాటు రోడ్డు దాటి వస్తుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు ఆకలి వేస్తుంది. నాకు మాత్రం మా ఆసుపత్రి గుర్తొస్తుంది. డయాలసిస్ గదిలో, రక్తం వడకట్టే ఫిల్టర్లను మళ్ళీ వాడడానికి ఒక మందుతో కడుగుతాం. దానికీ అచ్చంగా ఇదే వాసన. ఆ వాసన తగిలిందంటే, తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచి, మంచాల మధ్య చప్పుడు లేకుండా తిరిగే ఎస్తేరు రాణి గారు కళ్ళ ముందుకు వస్తారు.

నేను టెక్నీషియన్ కోర్సు ముగించి ఆ ప్రైవేటు ఆసుపత్రిలో చేరేనాటికి ఆవిడ డయాలసిస్ విభాగానికి హెడ్ నర్సు. అందరికీ సిస్టర్ గారు. రాజోలు దగ్గర పల్లెలో పుట్టారు. తల్లి కూలికి వెళ్ళి చదివించిందని నాతో ఒక్కసారే చెప్పారు, గొప్పగానూ కాదు, బాధగానూ కాదు. మొదటిరోజు సూది చేతికిస్తే పొడవడానికి భయమేసింది. మంచం మీద అంతర్వేది నుంచి వచ్చే నరసింహం ఉన్నాడు. జబ్బు చేయకముందు సముద్రంలో వేటకు వెళ్ళేవాడు. వలలు లాగి కాయలు కాసిన చెయ్యి నా ముందుకు చాపాడు.

"చెయ్యి చూసింది చాలు పద్మా, ఆయన మొహం చూడు. నొప్పి అక్కడ తెలుస్తుంది" అన్నారు సిస్టర్.

"పొడిచేయండమ్మా, పర్లేదు. చేపముల్లు కంటేనా!" అన్నాడు నరసింహం. ఆ మాటతో నా భయం సగం పోయింది.

అప్పట్లో ప్రభుత్వ ఆరోగ్య కార్డు బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకే ఇచ్చేవారు. నరసింహానికి ఉంది. మామిడికుదురు నుంచి వచ్చే సుధారాణి గారికి లేదు. ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు, భర్త కొబ్బరికాయల కొట్టులో గుమాస్తా. ఇద్దరి జీతాలూ కలిపితే పరిమితి కొంచెం దాటుతుంది. అందుకని ప్రతిసారీ సొంత డబ్బు కట్టాలి. కట్టలేని వారం రావడం మానేసేవారు. ఆ మరుసటి వారం ఒళ్ళంతా నీరు పట్టి, పాదాలు చెప్పుల్లో పట్టక, వట్టికాళ్ళతో బస్సు దిగేవారు. సిస్టర్ ఆ పాదం మీద వేలితో నొక్కి, పడిన గుంట మెల్లగా పూడుకోవడం చూస్తూ, "కాస్త తక్కువ జీతం ఉంటే బతికిపోదురండీ మీరు" అన్నారు. సుధారాణి గారు నవ్వబోయి మానేశారు.

కొన్నాళ్ళకు ఆదాయ పరిమితి పెంచుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. సుధారాణి గారికి కార్డు వచ్చినరోజు సిస్టర్ ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి, తినగూడని రోగులకు వాసన మాత్రం చూపించి, మాకందరికీ పంచారు. ఆవిడ అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

నెల తిరక్కుండానే వరండా నిండిపోయింది. ఇన్నాళ్ళూ పొలమో నగో అమ్ముకుంటూ వచ్చినవాళ్ళు, అసలు రాకుండా ఇళ్ళలో ముడుచుకుని ఉన్నవాళ్ళు, అందరూ కార్డులు పట్టుకుని వచ్చారు. మిషన్లు మాత్రం అవే. ఒకరోజు మేనేజరు గారు మా గదికి వచ్చారు.

"కార్డులు పెరిగేయి సిస్టర్ గారూ. పథకానికిచ్చే డబ్బు పెరగలేదు. మన బిల్లులు నెలల తరబడి కదలట్లేదు. ఫిల్టర్లిచ్చేవాడు అరువు ఆపేసేడు. ఇకనుంచి మనిషికి మూడు గంటలే."

"నాలుగు గంటలు కావాలండీ. ఆఖరి గంటలో తియ్యాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? ఊపిరితిత్తుల్లోకే కదండీ!"

"నాకు తెలీదనుకున్నారా? కొత్తవాళ్ళని వెనక్కి పంపించేద్దామా మరి? మీరే చెప్పండి."

సిస్టర్ రోగుల పట్టీ అందుకుని, ఒక్కో పేరు పక్కన నాలుగు కొట్టేసి మూడు వేశారు. మేనేజరు గారు దుర్మార్గుడేమీ కాదు. ఆయన జీతమూ అప్పటికి ఆగిపోయే ఉంది.

నాలుగో గంట పోయాక మనుషులు మారిపోయారు. కొత్త కార్డులవాళ్ళు వచ్చి మా గంట తినేశారని పాత రోగులు వరండాలోనే అనడం మొదలుపెట్టారు. ఒకరోజు నరసింహం కూడా, పక్క మంచం మీద సుధారాణి గారు వింటూ ఉండగానే, ఆ మాట అన్నాడు. సిస్టర్ అతని దగ్గరకు వెళ్ళి మెల్లగా చెప్పారు.

"ఆవిడ మీది తీసుకోలేదండీ. ఆవిడకిస్తామని మాటిచ్చినవాళ్ళు మీదాంట్లోంచి తీసిచ్చేరు. కోపమొస్తే అటు చూడండి."

"అటు ఎవరున్నారండీ? కనబడితే కదా కోప్పడ్డానికి" అన్నాడు నరసింహం, కళ్ళు మూసుకుని.

ఆ వానాకాలంలో ఒకసారి అతని వంతు మరుసటిరోజుకు జరిగింది. మర్నాడు కొడుకు భుజం మీద వాలి వచ్చాడు. మాట రావడం లేదు, పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టాం. మిషన్ ఒక్కటీ ఖాళీ లేదు. అది చూసి సుధారాణి గారు లేచి కూర్చున్నారు. "నన్ను తీసెయ్యండి సిస్టర్ గారూ, ఆయన్ని ఎక్కించండి" అన్నారు. సిస్టర్ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, మూడు గంటల్లో సగమైనా గడవకుండానే ఆవిడ సూదులు తీసేశారు. మిషన్ సిద్ధం చేసి నరసింహానికి తగిలించాం. గొట్టంలోకి రక్తం ఎక్కుతుండగానే అతని గుండె ఆగిపోయింది. డాక్టరు గారు వచ్చి ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. లాభం లేకపోయింది. కొడుకు మాకు దండం పెట్టి తండ్రిని తీసుకెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సోమవారం సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోటికి వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటరులో చూసి చెప్పారు. "మా రికార్డు ప్రకారం ఎవరికీ సేవలు ఆగలేదమ్మా. పైగా ఈ ఏడు లబ్ధిదారులు బాగా పెరిగేరు."

"ఆగలేదండీ, పలచబడ్డాయి. మీ లెక్కలో మా నరసింహం ఆఖరి శ్వాస కూడా ఒక సేవే కదండీ?" అన్నారు సిస్టర్.

అధికారి తల దించుకున్నారు. "బిల్లులు నా చేతుల్లో లేవమ్మా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు.

సుధారాణి గారు ఆ తరువాత రావడం మానేశారు. మామిడికుదురులో వాళ్ళింటికి వెళ్ళాం. "నా వంతు ఇంకెవరికైనా ఇచ్చేయండి" అంటూ గోడవైపు తిరిగి పడుకున్నారు. సిస్టర్ చాప మీద చతికిలబడి, "మీరు రాకపోతే ఆయన తిరిగొస్తారాండీ? ఇద్దర్ని పోగొట్టుకుని నేనెలా తిరగను ఆ గదిలో?" అని బిగ్గరగా ఏడ్చారు. ఆవిడ కన్నీళ్ళు చూడడం నాకదే మొదలు. సుధారాణి గారు మళ్ళీ వచ్చారు. ఇప్పటికీ వస్తున్నారు, ఉబ్బిన మొహంతో, మూడు గంటలకే.

సిస్టర్ ఆ తరువాత ఎక్కువ కాలం పనిచేయలేదు. గుండెజబ్బుతో మంచం పట్టారు. రాజోలు వెళ్ళి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ పరిమితి పెరగాలని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసేనమ్మా. దేవుడు విన్నాడు. వెనకాల డబ్బు కూడా రావాలని అడగడం నాకు తట్టలేదు" అన్నారు. నేను ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దాను. ఆ నెలలోనే పోయారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మొన్న వరండాలోని టీవీలో, పథకం మరికొంతమందికి వర్తిస్తుందని చెప్పారు. అంబాజీపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇన్నాళ్ళూ అప్పు చేసి వస్తున్నవాడు, లోపలికి పరుగులాంటి నడకతో వచ్చాడు. "విన్నారా అమ్మా? మాకూ వస్తుందంటండీ!" అన్నాడు. వద్దని ఎలా అనను? సంతోషమని మాత్రం ఎలా అనను? సిస్టర్ నాకు మిగిల్చి వెళ్ళింది ఆ రెండింటి మధ్య చోటే. ఏళ్ళు గడిచినా అందులోంచి బయటికి దారి కనిపించలేదు.

"ఆయ్, విన్నానండీ" అన్నాను. ఆయన చెయ్యి చాపి, నవ్వుతూనే పడుకున్నాడు.