మిష్రిఫ్ నుంచి మిర్కాబ్‌కు, ఒక నార్వే సినిమా కోసం

మా చిన్నమ్మ రమణమ్మ రెండేళ్లుగా మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మొదటిసారిగా ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెను బయటికి పంపడానికి ఒప్పుకుంది. ఎక్కడికి వెళ్తున్నదీ ముందే చెప్పాలి, ఇంటి డ్రైవరు వెంట ఉండాలి, అయిదింటికల్లా తిరిగి రావాలి. అంతా సవ్యంగా జరిగితే ఇకపై ప్రతి శుక్రవారం సెలవు. ఏ కొంచెం అనుమానం వచ్చినా ఖలాస్.

నేను రిగ్గైలో ఉంటాను, ఒక క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేస్తాను. రోజంతా మనుషులతో మాట్లాడే ఉద్యోగమే గాని మాట్లాడటం నాకు సరిగా రాదు. ఖాళీ దొరికితే పుస్తకం పట్టుకుంటాను. మిర్కాబ్‌లో ఒక ఆఫీసు భవనం రెండో అంతస్తులో శుక్రవారాలు రెండింటికి ఉచితంగా విదేశీ సినిమాలు వేస్తారని క్లినిక్ నోటీసు బోర్డు మీద చూశాను. ఆ వారం నార్వే హాస్య చిత్రం. గ్రహాంతరవాసులు దండెత్తి వస్తే నలుగురు స్నేహితులు ఏం చేశారన్నది కథ. చిన్నమ్మకు దొరికిన గంటలకు అది సరిగ్గా సరిపోయింది. ఫోన్ చేసి చెప్పాను.

“ఊరికే యాల చూపిస్తారు పాపా? అయిపోయినాంక గిన్నెలు అమ్ముతారేమో చూడు,” అంది.

శుక్రవారం నమాజు అయ్యేదాకా బస్సులు పలచగా ఉంటాయి. అందుకని పన్నెండున్నరకు టాక్సీ మాట్లాడుకున్నాను. రిగ్గై నుంచి మిష్రిఫ్‌కు మూడు దినార్లు. నేరుగా మిర్కాబ్‌కే వెళ్లి ఉంటే ఖర్చు తగ్గేది గాని, ముందు నన్ను చూడాలని మామా అంది. గేటు దగ్గర నా సివిల్ ఐడీ తీసుకుని ఫోన్‌లో ఫోటో తీసుకుంది, రెండు వైపులా. సినిమా ఎవరు వేస్తున్నారు, డబ్బు ఎందుకు తీసుకోరు అని ఇంగ్లీషులో అడిగింది. నోటీసు మీద ఉచితం అని రాసి ఉందని చెప్పాను.

డ్రైవరు మస్తాన్ రాయచోటి మనిషి, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, ఇంగ్లీషూ అరబ్బీ రెండూ చదవగలడు. కారు కదలగానే చిన్నమ్మ నా చెవిలో, “ఈయప్ప ముందర ఏం మాట్లాడొద్దు. అన్నీ మోస్తాడు,” అంది.

“ఇనపడతాండాది అక్కా,” అన్నాడు మస్తాన్ అద్దంలోంచి. “నేను మోసేది సామాన్లే.”

రోడ్లు ఖాళీ. ఇరవై నిమిషాల్లో మిర్కాబ్ చేరాం. ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి కారు పెట్టడానికి చోటు సులభంగా దొరికింది. హాలంటే ఒక పెద్ద గది, ముప్ఫై కుర్చీలు, గోడకు తెర. చిన్నమ్మ తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ ఎంచుకుని, కూర్చునే ముందు తెర వెనక్కి కూడా తొంగి చూసి వచ్చింది. మస్తాన్ కింద కారులోనే ఉంటాడనుకున్నాం. వచ్చి మా వెనక వరుసలో కూర్చున్నాడు.

ఎంత తక్కువ డబ్బుతో తీశారో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మంచులో ఒక చెక్క ఇల్లు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. ఆకాశం నుంచి గుండ్రంగా ఏదో దిగుతుంది. “అది కుక్కర్ మూత,” అంది చిన్నమ్మ. ఆకుపచ్చ మనిషి వీపున జిప్పు కూడా ఆమే ముందు చూసింది. ఆ వచ్చినవాళ్లు ఎవరి రూపంలోకైనా మారగలరు, కాబట్టి స్నేహితులకు ఒకరి మీద ఒకరికి అనుమానం. మాటలు నార్వే భాషలో, కింద ఇంగ్లీషు, అరబ్బీ అక్షరాలు. చిన్నమ్మకు రెండూ చదవడం రాదు. నేను ఇంగ్లీషు చదువుకుని ఆమె చెవిలో తెలుగులో చెప్తున్నాను.

సగం సినిమా అయ్యాక ఒకతన్ని కుర్చీకి కట్టేస్తారు. నువ్వు మనిషివే అయితే మాకు తెలియని తప్పు ఒకటి ఒప్పుకో అంటారు. అతను ఎదురుగా ఉన్న స్నేహితుడితో, నీ భార్యకూ నాకూ వేసవి నుంచి సంబంధం ఉంది అంటాడు. హమ్మయ్య, మనిషే అని అందరూ కట్లు విప్పుతారు. ఆ తర్వాత భర్త తన్నడం మొదలుపెడతాడు. హాలంతా నవ్వింది. పదేళ్లు కాన్వెంటులో చదివినదాన్ని. ఆ మాట చిన్నమ్మతో అనడం నా వల్ల కాలేదు.

“ఏమన్నాడే?”

“పడవలోంచి చేపలు దొంగిలించాడంట.”

“చేపలకా ఇంతగనం తంతాండాడు?”

“పెద్ద చేపలు చిన్నమ్మా.”

ఆమె తెర వదిలి నా మొహం చూసింది. తెర మీద భర్త ఉంగరం ఊడదీసి మంచులోకి విసిరేసి ఏడ్చాడు.

“చేపలు పోతే ఉంగరం ఇసిరేస్తారా?”

నేను తెర మీది అక్షరాలు చదువుతున్నట్టు ముందుకు వంగాను.

మూడుంముప్పావుకు సినిమా అయింది. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో దోసెలు తిన్నాం, ముగ్గురికి దినారున్నర. అయిదుకు ఇంకా పదిహేను నిమిషాలుండగానే మిష్రిఫ్ చేరాం. మామా చిన్నమ్మను వంటింట్లోకి పిలిచి సినిమా కథ చెప్పమంది. తర్వాత గేటు దగ్గరికి వచ్చి మస్తాన్‌నూ అదే అడిగింది. అడిగి లోపలికి వెళ్లిపోయింది. మస్తాన్ నా దగ్గరికి వచ్చాడు.

“పాపా, రమణక్క చేపలంటాది, నేను పెండ్లామంటి. ఇద్దరూ ఒగే సినిమా చూసినారా అంటాండాది మామా. అక్క యాడికో పోయింటే నేను దాస్తాండానంట! ఇద్దరికీ తిప్పలే. నువ్వొచ్చి చెప్పు, యల్లా, పద.”

వంటింట్లో చిన్నమ్మ సింకు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఏది నిజమని మామా నన్ను అడిగింది.

“అతను చెప్పింది నిజం. చేపలు నేను కల్పించాను.”

“ఎందుకు?”

“చెప్పడానికి సిగ్గేసింది.”

ఆమె నమ్మలేదు. అయితే ఇప్పుడు చెప్పు, మొత్తం, అంది. మస్తాన్ గుమ్మంలో ఉన్నాడు. మామా పెద్ద కొడుకు మంచినీళ్లకు వచ్చి ఫ్రిజ్ దగ్గర ఆగిపోయాడు. నేను నేలను చూస్తూ చెప్పాను. ఎవరు, ఎవరితో, ఎప్పటి నుంచి, ఏ గదిలో. ఒక్కో మాటకూ మస్తాన్ అవునవునని తలూపాడు. మామా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చివరికి ఆ భార్య ఏమైంది?” అంది.

“ఆమే గ్రహాంతరవాసి.”

మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వచ్చే శుక్రవారం కూడా వెళ్లొచ్చు, కానీ కథ మాత్రం మస్తాన్ చెప్పాలి అని తేల్చింది.

చిన్నమ్మ గేటు దాకా వచ్చింది. సెలవు దొరికిన సంతోషం మొహంలో లేదు.

“పోయిన నెల నా రక్తం రిపోర్టు చదివినావే. అంతా బాగుండాది అంటివి.”

“బాగానే ఉంది చిన్నమ్మా. నిజంగా.”

“చేపలు గూడా అట్లనే చెప్తివి.”

రిపోర్టు నా ఫోన్‌లో ఉంది. అక్కడే నిలబడి మళ్లీ ఒక్కో వరుసా చదివాను. ఆమె ఊ కొడుతూ వింది. చివర్లో, “మస్తానన్నకు పంపు. ఆయప్పతో గూడా చదివిచ్చుకుంటా,” అంది. పంపాను.

తిరుగు ప్రయాణం బస్సులో, మిర్కాబ్‌లో మారి రిగ్గైకి. మామా అనుమానం అరగంటలో తీరింది. చిన్నమ్మది ఎప్పుడు తీరుతుందో తెలియదు. రెండేళ్లుగా ఆమెకు ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితాలు, బ్యాంకు మెసేజ్‌లు, మందుల చీటీలు అన్నీ నేనే చదివి పెట్టాను. వాటిలో ఒక్క మాటా మార్చలేదు. కానీ ఆ సంగతి ఆమెకు తెలియడానికి నా మాట తప్ప వేరే దారి లేదు. ఆ మాటను నేను ఒక సినిమాలో, నా సిగ్గు కోసం వాడేసుకున్నాను. ఇలా ఎవరినైనా తీసుకెళ్లి పక్కన కూర్చుని చదివి చెప్పాలనుకునేవారికి ఒకటే సూచన: నోట రాని వాక్యం వస్తే “ఇది నేను చెప్పలేను” అనండి. దాని చోట ఇంకో మాట పెట్టకండి.