మావయ్య బల్ల తీసుకోని ఆదివారాలు

మావయ్య పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. ఏడో తరగతి పిల్లలకి పాఠం చెబుతున్నాను. మా తమ్ముడు గుమ్మంలో నిలబడి, "అక్కా, పొద్దున్నే మావయ్య పోయాడే. గుండెపోటంట" అన్నాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. "గుండెపోటా? ఊపిరితిత్తులు కాదూ?" అని అడిగాను. ఏడుపు ఆ తర్వాత ఎప్పుడో, నిడదవోలు బస్టాండులో వచ్చింది.

మా అమ్మకి ఆయన ఒక్కడే తమ్ముడు. కాలవ మీద లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాడు. పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు తియ్యడం, వెయ్యడం ఆయన పని. పడవ లోపలికి చేరాక నీరు ఎక్కేదాకా పడవవాళ్ళకి చేసేదేమీ ఉండదు. చుట్ట కాల్చుకుంటూ కూర్చోవాలి. ఆ కాసేపట్లో మావయ్య వాళ్ళకి లోకం ఎలా నడుస్తోందో విప్పి చెప్పేవాడు. ధాన్యం బస్తాలతో పాటు ఆయన కబుర్లు కూడా పడవెక్కి ఎగువకీ దిగువకీ పోయేవి.

లోకంలో ఏదీ ఊరికే జరగదన్నది ఆయన నమ్మకం. "ఊరికే చేస్తారేంటే అమ్మాయ్?" అనేవాడు, ఒక కన్ను కాస్త మూసి. కొవ్వూరు దగ్గర గోదారి మీద రెండో వంతెన కడుతున్నప్పుడు, స్తంభాలు నిలబడటానికి వాటి కింద ఏం పూడుస్తున్నారో నాకు తెలుసంటూ మమ్మల్ని హడలగొట్టాడు. ఆ ఏడాదంతా పిల్లలం బడి నుంచి తిన్నగా ఇంటికొచ్చాం. పోలవరం ఆనకట్ట గురించి అడిగితే, "అది కట్టరే. కడతాం కడతాం అనడంలోనే ఉంది అసలు కిటుకు" అనేవాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆ కబుర్ల వల్ల ఎవరికైనా దెబ్బ తగులుతుందని మాకు తోచలేదు. ఆయనకీ తోచలేదు.

మా ఊళ్ళో చర్చి చిన్నది. నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. చర్చికి వెళ్ళని వాళ్ళ కోసం చెబుతున్నాను: ప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని తలుచుకుని, అందరం ఒకే రొట్టె విరిచి తలో ముక్కా తింటాం, ద్రాక్షరసం తాగుతాం; దాన్నే బల్ల తీసుకోవడం అంటాం. ఎవరితోనైనా మాట తేడా ఉంటే ముందే వెళ్ళి సరిచేసుకోవాలి. అందుకని బల్ల ముందు శనివారం సాయంత్రం మా వీధి సందడిగా ఉండేది. గట్టు తగాదా పడ్డవాళ్ళు, కోడి కోసం తిట్టుకున్నవాళ్ళు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళి, "మనసులో పెట్టుకోకండి" అని చెప్పి వచ్చేవాళ్ళు. కొందరు సోమవారం మళ్ళీ మొదలెట్టేవాళ్ళనుకోండి.

రసం అందరూ ఒకే గిన్నెతో తాగేవాళ్ళు. ఎమర్జెన్సీ పోయిన కొత్తలో పాస్టరు గారు ఆ గిన్నె పక్కన పెట్టి, రాజమండ్రి నుంచి వేలెడంత గాజు గ్లాసులు తెప్పించారు. మనిషికో గ్లాసు. వాటిని మరిగించి, ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం పోసే పని నర్సమ్మగారు తీసుకున్నారు. ఆవిడ ఊళ్ళో ప్రభుత్వ నర్సు, మా సంఘంలో మనిషే.

ఎమర్జెన్సీలో మగవాళ్ళకి బలవంతంగా చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం జనానికి ఇంకా వదల్లేదు. పైవాళ్ళ ఒత్తిడికి నర్సమ్మగారు కూడా ఇంటింటికీ తిరిగి మగవాళ్ళని ఆపరేషనుకి రమ్మని బతిమాలారు. మావయ్యకి అది చాలు. "ఒకే గిన్నెలో పిల్లలు పుట్టకుండా మందు కలిపితే ముసలీ ముతకా అందరికీ పడుద్ది, దండగ. గ్లాసులైతే ఎవరికి కావాలో వాళ్ళకే వెయ్యొచ్చు. లేపోతే ఇన్ని గ్లాసులు ఊరికే కొంటారేంటండీ?" అన్నాడు లాకుల దగ్గర. వినడానికి ఎంత నున్నగా ఉందో చూడండి.

గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అనేవాడు. ఆయనకీ అత్తయ్యకీ పిల్లల్లేరు. "మాకెందుకు పుట్టలేదో ఇప్పుడు తెలిసిందండి. గిన్నె ఉన్నప్పుడే మొదలెట్టుంటారు." గిన్నెలో కలిపితే దండగన్న మనిషే ఈ మాటా అన్నాడు. అదేంటని ఒక్కరూ అడగలేదు. పిల్లల కోసం ఎదురుచూసి విసిగిన మనిషి మొహం చూస్తూ ఎవరడుగుతారు?

పడవలు ఆ కబురుని పక్క ఊళ్ళకి కూడా మోశాయి. ఆ తర్వాతి బల్ల ఆదివారం, గ్లాసుల పళ్ళెం ఎలా వెళ్ళిందో దాదాపు అలాగే నిండుగా తిరిగొచ్చింది. మగవాళ్ళు తల దించుకుని పక్కవాళ్ళకి అందించేశారు. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని సర్దుకున్నారు. పాస్టరు గారు, నర్సమ్మగారు, మా అత్తయ్య మాత్రమే తాగారు. అత్తయ్య గ్లాసు అందుకుంటుంటే మావయ్య మగవాళ్ళ వైపు నుంచి గట్టిగా గొంతు సవరించాడు. ఆవిడ అటు చూడలేదు. ఆరాధన అయ్యాక నర్సమ్మగారు ఆ గ్లాసులన్నీ చర్చి వెనక మట్టిలో ఒంపేశారు. అందరం చూస్తూ నిలబడ్డాం.

మరుసటి నెల బల్ల రోజున మావయ్య లేచి నిలబడ్డాడు.

"పాస్టరు గారండీ, ఒక్క మాట. రోగం నాకుందండి. క్షయ. నా ఎంగిలి మీకెవరికీ తగలకూడదనే నర్సమ్మగారు గ్లాసులు పెట్టించారండి. నా పేరు బయటికి రానివ్వకుండా మాట పడ్డారు. మందూ లేదు మాకూ లేదు. అదంతా నేను పుట్టించిందేనండి."

పాస్టరు గారు రొట్టె మీద గుడ్డ మళ్ళీ కప్పేశారు. "ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళిరండి" అన్నారు. జనం ఒక్కొక్కరే లేచి నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఏడుస్తూ, "సరేనండి, సరేనండి" అంటూనే ఉన్నారు. ఆ రోజు పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది. మావయ్య మాత్రం బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన బల్ల తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రోగం ఉంది కదా, మంచిపని చేస్తున్నాడు అనుకున్నాం.

అంతటితో ఆయన కబుర్లు ఆగిపోయాయి. పడవవాళ్ళు నీరు ఎక్కేదాకా అవతలి గట్టునే కూర్చునేవాళ్ళు. టీ కొట్టులో ఆయనకి కొబ్బరి చిప్పలో పోసేవారు. మా అమ్మ, తోడబుట్టిన మా అమ్మే, ఆయన కంచం, గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉంచేది. నా పెళ్ళిలో ఆయనకి విడిగా, చూరు కింద విస్తరి వేశారు. నేను పెళ్ళికూతురి కుర్చీలోంచి చూశాను. "అయ్యో" అనుకున్నాను, అంతే. క్షయకి మందుందని, వాడితే నయమవుతుందని, నయమయ్యాక అంటదని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేను. పాఠం పాఠమే, మావయ్య మావయ్యే అన్నట్టు బతికాను. నా పిల్లని ఎత్తుకోబోతే, "నిద్రపోతోంది మావయ్యా" అని భుజం మార్చుకునేదాన్ని. కళ్ళు తెరుచుకుని ఉన్న పిల్లని.

మావయ్య పోయిన మూడో రోజు, కూడిక ప్రార్థన అయ్యాక ఇంట్లో ఆడవాళ్ళం మిగిలాం. పక్కింటావిడ, "ఆ జబ్బుతో ఇన్నేళ్ళు లాగాడంటే గొప్పేనమ్మా" అంది.

అత్తయ్య తలెత్తింది. "జబ్బు ఆయనకి కాదండి. నాకు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. దగ్గుతో రక్తం పడితే దొంగచాటుగా నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళిందట. అప్పటికే మా అమ్మమ్మ, పిల్లల్లేని కోడల్ని పుట్టింటికి పంపేసి కొడుక్కి ఇంకో పెళ్ళి చెయ్యాలని సంబంధాలు అడుగుతోంది. క్షయ అని కూడా తెలిస్తే ఇంక పంపేసినట్టే. మావయ్యకి చెప్తే సాయంత్రానికల్లా కాలవ పొడుగునా తెలిసిపోతుంది. అందుకని ఎవరికీ చెప్పొద్దని నర్సమ్మగారి దగ్గర మాట తీసుకుంది. నర్సమ్మగారు అత్తయ్య పేరు చెప్పకుండానే పాస్టరు గారిని ఒప్పించి గ్లాసులు తెప్పించారు.

"పళ్ళెం నిండుగా తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, అన్నం పెడుతూ చెప్పేశానమ్మా ఈయనకి. కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ పూట తినలేదు. మళ్ళీ బల్ల ముందు శనివారం నర్సమ్మగారి ఇంటికెళ్ళి, 'తప్పయిపోయిందండి, రేపు అందరి ముందూ చెప్పేస్తాను' అన్నారంట. 'మీ ఆవిడ పేరు చెప్పడానికి వీల్లేదండి, నేను మాటిచ్చాను. నన్నేమన్నా అనుకోనివ్వండి' అందంట ఆవిడ. ఇంటికొచ్చి నాతో అన్నారు, 'ఆవిడ పేరు కడగాలి, నీ పేరు రాకూడదు. మిగిలింది నా పేరేగా' అని."

రోజూ నర్సమ్మగారు వాళ్ళింటికి వచ్చి సూది వేసేవారు. మేమంతా అది మావయ్యకనే అనుకున్నాం. తలుపు చాటున అత్తయ్య చేయించుకునేది. ఈయన జబ్బ రుద్దుకుంటూ, మొహం చిట్లించుకుంటూ బయటికి వచ్చేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు అత్తయ్యకి నవ్వొచ్చింది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నయమయ్యాక కూడా బల్ల ఎందుకు తీసుకోలేదు అత్తయ్యా?" అని అడిగాను.

"నేనూ అడిగాను. 'బల్ల ముందు నిలబడి అబద్ధమాడాను. ఏ మొహం పెట్టుకుని తీసుకోనే?' అనేవారు. మీ అమ్మమ్మ పోయాక, ఇంక నేను చెప్పేస్తానండీ అన్నాను. 'నర్సమ్మగారు నా నోటి మూలంగా పడ్డదానికి ఇదేపాటి? ఉండనీ' అన్నారు. నేను ఉండనిచ్చాను. అది నా పాపం."

ఆవిడది పాపమైతే మాది ఏమనాలో నాకు తెలియదు. ఒక పుకారు పుట్టించినందుకు ఆయన అన్నేళ్ళు కుమిలాడు. ఆయన చెప్పిన అబద్ధాన్ని మేం ఎంత తేలిగ్గా నమ్మామో, ఎంత శ్రద్ధగా పాటించామో తలుచుకుంటే అన్నం సయించడం లేదు. ఆయన దగ్గినట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. అది కూడా ఎవరం అడగలేదు. ఇప్పుడు ఏ శనివారం సాయంత్రం వెళ్ళి ఎవరి గుమ్మంలో నిలబడను?

పోయిన వేసవిలో ఆయన్ని చివరిసారి చూశాను. బస్సు దిగి ఎండన పడి వెళ్ళాను, ఆకలిగా ఉంది. మావయ్య ఒక్కడే అరుగు మీద కూర్చుని తాటికాయ కత్తితో చెలిగి ముంజెలు తీస్తున్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. చేతులు చెంబునీళ్ళతో శుభ్రంగా కడుక్కుని, ఒక ముంజె తన కోసం ఆకు మీద పెట్టుకుని, రెండోది అరచేతిలో పెట్టి నాకు చాపాడు.

"తినవే అమ్మాయ్, లేతది."

"ఇప్పుడే తిన్నాను మావయ్యా" అన్నాను.

"సరేలే" అన్నాడు. ఆ ముంజెని కూడా ఆకు మీదే, నా వైపుకి జరిపి పెట్టాడు. నేను అత్తయ్యని పలకరించి, బస్సుకి వేళయిందని లేచాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆయన అరుగు మీద అలాగే ఉన్నాడు. ఆకు మీద నా ముంజె అలాగే ఉంది. తనదీ ముట్టుకోలేదు.