మామ బిగించిన గాలి పైపు

సోమవారం పొద్దుగాల భోకర్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేవలేదు బిడ్డా" అన్నది. నిద్రలనే పోయిండు. మీకు నిజం చెప్తున్న, ఏడుపు కంటే ముందు నాకు భయం అచ్చింది.

గోదావరిల ఎవరన్న కొట్టుకపోతే నాందేడ్ నుంచి వెతకపోయే జట్టుల నేనొకణ్ని. వీపు మీద గాలి సిలిండర్, నోట్ల రెగ్యులేటర్, రెండింటి నడుమ గజం కూడ లేని రబ్బరు పైపు. పానమంత దాంట్లనే. మా పైపులు మార్చేటోడు మామ. ఆయనది ట్రాక్టర్ల పైపుల దుకాణం. మా కోసమని ముంబై పోయి ఈ పని నేర్చుకొని అచ్చిండు.

పైపు చివర్లకు రబ్బరు తొడుగులుంటయి. మామ వాటిని ఎనకకు జరిపి, పైపు మెల్లగ వంచి, గోరుతోని పగుళ్లు దేవులాడేటోడు. "పైకి నున్నగున్నదని నమ్మకురా అల్లుడా, తొడుగు కిందనే చీలుతది." కొత్తదాన్ని ముందుగాల చేతి ఏళ్లతోనే తిప్పేటోడు, బిగించే పాన ఆఖరుకు, అదీ జరంతనే. పైపులకు గాలి ఇడిచి నీళ్ల బకెట్ల ముంచేటోడు. బుడగల కోసం చూసినంతసేపు ఎవ్వర్నీ మాట్లాడనియ్యకపోయేది.

పోయిన వానకాలం బిలోలి దిక్కు మంజీరల ఒక రైతు కొట్టుకపోయిండని పిలిచిండ్రు. మామ గుడ మా ఎంబడి అచ్చిండు.

"థాంబ్ రే, ఆగు! ఆ పైపు నేనింక చూడలే."

"టైమ్ లేదు మామా" అని దిగిన.

బురదనీళ్లు. నా చెయ్యి నాకే కనవడలే. తడుముకుంట పోతుంటే చెవి పక్కన పైపు ఢబ్బుమని పలిగింది. గాలంత బుస్సుమని పోతున్నది. ఒక్క గుక్క అందింది, మళ్ల లేదు. పైకేదో కిందికేదో తెల్వలే. నడుముకున్న తాడు గుంజిన, గుంజిన.

పైకి తీసినంక చూస్తే తాడు పట్టినోళ్లల్ల ముందుగాల మామనే ఉన్నడు, మోకాళ్ల దాంక నీళ్లల్ల. ఆ రైతు పీనుగ తెల్లారి ఇంకో జట్టుకు దొరికింది.

మామ జట్టు పైపులన్ని మార్చిండు. "నేనిగ దిగ మామా, నాకు భయమైతుంది" అన్న.

"కానియ్యి. భయం లేనోడు తొడుగు జరిపి చూడడు."

మొన్న అత్త ఆయన పాన నా చేతుల పెట్టింది. నిన్న మొదటిసారి నేనే ఒక పైపు మార్చిన. బకెట్ల బుడగ రాలే. అయినా నమ్మకం కుదురుతలేదు. రేపు పిలుపస్తే దిగాలె. నేను బిగించింది చూసేటోళ్లు ఎవ్వరు లేరు.

పోయిన వానకాలం జట్టు పైపులన్ని మార్చిన తెల్లారి మామ నన్ను గోదావరి ఘాటుకు తోలుకపోయిండు. ఆయనకు ఈత రాదు. నీళ్లంటే ఒణుకు. తను మార్చిన పైపుతోనే నా సిలిండర్ వీపుకు కట్టుకొని, నోట్ల రెగ్యులేటర్ పెట్టుకొని, ఇనుప గొలుసు పట్టుకొని మెట్టు మెట్టు దిగిండు. గొంతు దాంక అచ్చినంక నా దిక్కు ఒక్కసారి చూసిండు. కండ్లు గట్టిగ మూసుకొని మునిగిండు. గొలుసు మీద ఆయన ఏళ్లు తెల్లగైనయి. జరసేపటికి నీళ్ల మీదికి ఒక బుడగల గుత్తి అచ్చింది. ఎనకనే ఇంకోటి. ఇంకోటి.