అందరి ముందు ఒప్పుకున్న మాట

హామిల్టన్‌లో సిటీ బస్సు నడిపే రాజారావుది తెనాలి. ఆదివారం మధ్యాహ్నాలు రోటోటూనా పేటలో ఒక అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనలో పదకొండేళ్ళుగా పాటలు నడిపించింది అతనే. గొంతు మంచిది. మనిషీ మంచివాడే. నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

ఆ సంఘంలోనే నిరుపమ అనే నర్సు ఉండేది. నిరుడు చలికాలంలో ఆమె భర్తను వదిలి వేరే ఫ్లాట్‌కు మారింది. ఒక సాయంత్రం ఆమె ఎవరి కారో ఎక్కుతుండగా రాజారావు బస్సులోంచి చూశాడు. ఆ ఆదివారం టీ తాగుతూ, "ఆవిడకి వేరే ఎవరో ఉన్నారంటండీ, అతని కార్లో తిరుగుతున్నారంట" అన్నాడు. 'అంట' అని తగిలించాడే గానీ ఆ మాట పుట్టింది అతని నోట్లోనే. రెండు వారాల్లో తెలుగువాళ్ళందరికీ పాకింది. నిరుపమ ఆరాధనకు రావడం మానేసింది.

ఒక మంగళవారం ఇందిరాదేవి అతని బస్సెక్కింది. వరంగల్‌లో టీచరుగా చేసి, కూతురి దగ్గర స్థిరపడిన డెబ్బై ఏళ్ళ మనిషి, సంఘ పెద్దల్లో ఒకరు. చివరి స్టాపులో అందరూ దిగాక ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది.

"బిడ్డా, నిరుపమ గురించి ఆ మాట నువ్వే అన్నవా?"

"అందరూ అనుకుంటున్నారాంటీ. నేనొక్కణ్ణేనా?"

"అందరి సంగతి నాకొద్దు. నిన్ను అడుగుతున్న. ఆ కారు నా బిడ్డది. ఆమెను డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది."

రాజారావుకు తన తప్పు తెలిసింది. అయినా ఒప్పుకోలేదు.

"నేనెవ్వరికీ చెప్పలే. ముందు నీ దగ్గరికే వచ్చిన. ఆలోచించు" అని ఆమె దిగిపోయింది.

అతనికి పన్నెండేళ్ళప్పుడు, ఊళ్ళో చర్చిలో అతని పిన్నిని లేపి నిలబెట్టి, ఆమె తప్పు అందరికీ చదివి వినిపించారు. అంతకు ముందు ఒక్కరూ ఆమె ఇంటికి వెళ్ళి అడగలేదు. పిన్ని మళ్ళీ ఏ చర్చి గడపా తొక్కలేదు. తనకూ అదే జరుగుతుందని రాజారావు ఆ వారమంతా అన్నం సయించక తిరిగాడు.

తర్వాతి శనివారం ఇందిరాదేవి, పాస్టరు నర్సయ్యను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది.

"నన్ను సంఘంలోంచి తీసేస్తారా?" అన్నాడు రాజారావు, కూర్చోమనడం కూడా మరిచిపోయి.

"తీసెయ్యాలంటే ఒక మెసేజ్ పెడితే అయిపోతుండె. ఇంటిదాకా ఎందుకొస్తం?" అన్నాడు నర్సయ్య. "నిన్ను పోగొట్టుకోవద్దనే వచ్చినం."

రాజారావు గోడకు చేరగిలబడి ఏడ్చాడు. "అబద్ధమండీ. నేనే కల్పించాను. అసలు ఆవిడ ఇల్లెందుకు వదిలారు?"

"అది ఆమె చెప్పుకోవాల్సిన సంగతి. నువ్వు నీ తప్పు వరకే చెప్పు" అంది ఇందిరాదేవి.

క్షమాపణ అడగడానికి వస్తానంటే నిరుపమ ఒప్పుకోలేదు. అబద్ధాన్ని చెప్పిన చోటే సరిదిద్దాలని మాత్రం ఇందిరాదేవితో కబురు పంపింది. ఆ ఆదివారం టీ వేళ రాజారావు లేచి నిలబడ్డాడు. "నిరుపమగారి గురించి నేను చెప్పింది అబద్ధం. నన్ను క్షమించండి."

"ఇలాంటివాణ్ణి ఇంకా ఉంచుకోవడమేంటి?" అని వెనక నుంచి ఒకరు గొణిగారు.

"ఆయన ఒక్కసారి అన్నడు. మోసుకు తిరిగింది మనమే" అన్నాడు నర్సయ్య.

ఆర్నెల్లు పాటలు నడిపించవద్దన్నారు సంఘ పెద్దలు. రాజారావు అందరితోపాటు కూర్చుని పాడాడు. ప్రతి గురువారం ఇందిరాదేవి ఫోన్ చేసి, తిన్నావా, ఎలా ఉన్నావు అని అడిగేది.

వసంతంలో నిరుపమ తిరిగి వచ్చింది. మూడు వారాలు అతని వైపు చూడలేదు. నాలుగో వారం తనే దగ్గరికొచ్చింది.

"కోపం ఇంకా పోలేదన్నా. కానీ మీరు నిలబడి చెప్పారు కాబట్టే రాగలిగాను."

రాజారావు చేతులు జోడించాడు.

పోయిన నెల కృతజ్ఞతా కూడికలో ఒక్కొక్కరూ దేవుడు చేసిన మేలు చెప్పుకుంటున్నారు. కొందరు వీసా వచ్చిందన్నారు, కొందరు ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. రాజారావు వంతు వచ్చింది.

"నా తప్పు నా మొహం మీద చెప్పి, ఆ తర్వాత కూడా నన్ను వదలని మనుషుల్ని దేవుడు నాకిచ్చాడు. మా పిన్నికి అలాంటివాళ్ళు దొరకలేదు" అని కూర్చున్నాడు.