మెసైమీర్ నుంచి తెచ్చుకున్న వంటిల్లు

ఈ అరబ్బు దేశానికొచ్చాక మదీనత్ ఖలీఫాలో మేం అద్దెకు దిగింది ఒక విల్లాను ప్లైవుడ్ గోడలతో ఆరు వాటాలు చేస్తే వచ్చిన ఒక వాటాలో. అందులో వంటిల్లంటే ఒకప్పటి నడవా. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. ఒక సింకు, ఒక ప్లగ్గు తప్ప ఏమీ లేవు. నేనొచ్చిన మొదటి రెండు వారాలూ సందు చివరి హోటల్ పరోటాలే తిన్నాం. మా ఆయనకు కడుపులో మంట మొదలైంది.

"ఈ నెల ఇంతకన్నా నావల్ల కాదు. ఇందులోనే సర్దు" అని ఆయన నా చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టారు. కొత్త పొయ్యి, సిలిండరు కొంటే గరిటెకు కూడా మిగలదు.

మర్నాడు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టింది: ఇండియాకు వెళ్ళిపోతున్నాం, వంట సామాను మొత్తం అమ్ముతాం, అర్జెంటు. ఆ చివరి మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఊరికి ఆ చివర మెసైమీర్‌లో వాళ్ళిల్లు. నేనూ మా ఆయనా వెళ్ళాం. తలుపు తీసిన మనిషిది నా వయసే. మాట నిజామాబాద్ వైపుది. భర్త పనిచేసే కంపెనీ మూతపడిందట, ఎల్లుండే ప్రయాణమట. అతను కాగితాల పని మీద బయటికి వెళ్ళాడు. ఇద్దరాడపిల్లలు మంచం మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

వంటిల్లు మాత్రం అద్దంలా ఉంది. మూడు బర్నర్ల పొయ్యి, చిన్న ఫ్రిజ్, గ్రైండరు, సైటులో మిగిలిన చెక్కతో ఆమె భర్త చేసిన అరలు, వాటి మీద వరసగా స్టీలు డబ్బాలు. నాకు అన్నీ నచ్చాయి. అందుకే అన్నింటికీ వంకలు పెట్టడం మొదలుపెట్టాను.

"ఈ బర్నరు మండుతున్నట్టు లేదే."

"మండుతది అక్కా, చూడు" అని ఆమె వెలిగించి చూపింది.

"ఫ్రిజ్ తలుపు రబ్బరు పోయింది. ఈ అరలు మాకు పట్టవు, ఊరికే ఇస్తే తీసుకెళ్తాం." ఆమె అడిగిన ధరలో సగం కూడా చెప్పలేదు నేను.

"మస్తు తక్కువ చెప్తున్నరు అక్కా."

"సరే, ఆలోచించుకోండి. శుక్రవారం మళ్ళీ వస్తాం" అన్నాను. శుక్రవారానికి వాళ్ళుండరని నాకు తెలుసు. మా ఆయన తల దించుకున్నారు. మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "తీస్కపోండ్రి."

పికప్ బండి వచ్చింది. సామాను మోస్తుంటే ఆమె గ్రైండరు మీద చెయ్యి పెట్టింది. "ఇది ఒక్కటి ఉంచుండ్రి. మా అమ్మ కొనిచ్చింది. బట్టలు తగ్గించి తీస్కపోత."

"మొత్తం అని రాశారుగా" అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది.

ఇక పొయ్యి మిగిలింది. దాని మీద పప్పు ఉడుకుతోంది. "పది నిమిషాలు ఆగు అక్కా, పిల్లలు తినలే" అంది.

"డ్రైవరు ఆగడండీ."

నిజానికి అతను కింద టీ తాగుతున్నాడు. ఆమె గుడ్డతో గిన్నె దించి నేల మీద పెట్టింది. నేనే వంగి సిలిండరు కట్టేశాను.

సాయంత్రానికి మా నడవా వంటిల్లయింది. అరలు అతికినట్టు పట్టాయి. ఆ రాత్రి చారు పెట్టి, బంగాళాదుంప వేపుడు చేశాను. ఇద్దరం కడుపు నిండా తిన్నాం. నాకు ఏ బాధా కలగలేదు, ఎంత చవగ్గా కొట్టుకొచ్చానో మా అక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నాను.

ఏడెనిమిది నెలలకు అల్ ఘర్రాఫాలో ఒక సూపర్ మార్కెట్‌లో నేనూ మా ఆయనా బియ్యం తీసుకుంటుంటే వెనక నుంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, మన పొయ్యి తీస్కపోయిన ఆంటీ!"

ఆమే. పిల్ల నోరు మూసి, నన్ను చూసి నవ్వింది. చివరి రోజున భర్తకు వేరే పని దొరికిందట, వెళ్ళకుండా ఆగిపోయారట. ఇప్పుడు నలుగురూ ఒకే గదిలో ఉంటున్నారు. బాత్రూం పక్కన కరెంటు పొయ్యి పెట్టి వండుతోంది.

"అక్కా, ఆ గ్రైండరు వాడుతున్నరా? వాడకుంటే నాకియ్యండ్రి. పైసలిస్త."

"అది పాడైపోయిందండీ. పారేశాం."

"అయ్యో" అంది. "రాయి మంచిగుండె."

ఆ ఉదయమే నేను అందులో ఇడ్లీ పిండి రుబ్బాను.

కారెక్కాక మా ఆయన అడిగారు, "ఎందుకలా చెప్పావు?"

"ఇచ్చేస్తే నాకు ఇంకోటి కొనిస్తారా?"

ఆయన కారు స్టార్ట్ చేశారు. నేను ఏడవలేదు, కోపమే వచ్చింది, అంతమంది ఉన్న ఊళ్ళో ఆమె నాకే ఎదురుపడినందుకు.

సిగ్గు వచ్చింది రెండేళ్ళ తర్వాత, ఒక మామూలు మధ్యాహ్నం, పప్పు కడుగుతుండగా. చేతులు తుడుచుకుని పాత గ్రూపులో ఆమె నంబరు వెతికి ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి, అరబ్బీలో ఏదో విసుక్కుని పెట్టేశాడు. ఇంకోసారి చేశాను. ఎత్తలేదు.