మొదటి బండి రాత్రి డ్యూటీవాళ్ళకి

మా పెద్ద తమ్ముడు పోయాడు. రాయపూర్‌లో ఉన్న మన తెలుగువాళ్ళలో కొందరికి అతను తెలుసు. బీర్‌గావ్‌లో రేకుల కప్పు కింద అద్దెకుండే కార్మికుల్లో చాలామందికి తెలుసు.

ఆ ఉదయం ఎప్పటిలాగే తెల్లవారింది. నందివర్ధనాలు కోసుకొచ్చి దేవుడి దగ్గర పెట్టాను. కుళాయి వస్తే బిందెలు నింపుకున్నాను. కుక్కరు కూస్తుండగా గేటు దగ్గర తమ్ముడి స్కూటర్ ఆగింది. భన్‌పురిలో తన కూలర్ల షెడ్డుకు వెళ్తూ రోజూ మా ఇంటి దగ్గర ఆగేవాడు. లోపలికి మాత్రం రాడు, బూట్లు విప్పడానికి బద్ధకం. మెట్టు మీద నిలబడే టీ తాగేవాడు. అక్కను మా వైపు అప్ప అంటారు, అతనూ నన్ను అలాగే పిలిచేవాడు.

"ఏటప్పా, ఇయ్యాళ చాయ్‌లో అల్లం కూడా దేవుడికే పెట్టీసావేటి?"

"నోరు మూసుకుని తాగరా."

"ఈపాలి ఎండలు గట్టిగా ఉంటాయప్పా. హోలీకి ముందే బండి కట్టాల."

గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. మధ్యాహ్నం కాకముందే అతని భార్య, మా మరదలు, ఫోను చేసింది. షెడ్డులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. టాటీబంధ్ చౌక్ దాటి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను చంకనెత్తుకుని తిప్పిన పిల్లవాడు. ఆ రోజు దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల మేం శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం. తమ్ముడు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు మేనేజ్‌మెంట్ చదివాడు. క్లాసు అవగానే సరాసరి నా వంటింటికి వచ్చి, నేను రొట్టెలు వత్తుతుంటే ఆనాటి పాఠం నాకు చెప్పేవాడు. నాకు సగం ఎక్కేది కాదు. "నీకు తెలిసేలా సెప్పలేకపోతే నాకు రానట్టేనప్పా" అని మళ్ళీ మొదటికొచ్చేవాడు. అలా కొన్ని మాటలు నాకూ మిగిలాయి. "కొనలేనోడికి అది అక్కర్లేదనుకోకు. మనం అమ్మే పద్ధతి ఆడికి కుదర్లేదు, అంతే" అనేవాడు.

చదువయ్యాక ఉద్యోగం వదిలేసి, కార్మికుల గదుల కోసం చిన్న కూలర్లు చేయడం మొదలుపెట్టాడు. తేలిక, చవక. మొదటి వేసవిలో చేసినవన్నీ అమ్ముడయ్యాయి. నెల తిరక్కుండా సగం వెనక్కి వచ్చేశాయి.

అమ్మ ఊరుకుంటుందా? "అంత సదువు సదివి, రిక్షా ఎక్కి తిరిగొచ్చే సరుకు సేసావురా నాయనా!"

అతనికి కోపం రాలేదు. ఓ దిండు చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికిరా?"

"పడుకోడానికి."

బీర్‌గావ్‌లో ఒక కార్మికుడి గదిలో, మే నెల మధ్యాహ్నమంతా తను చేసిన కూలరు ముందే పడుకుని సాయంత్రం ఇంటికొచ్చాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అప్పా, నా కూలరే నన్ను ఇడ్లీలా ఉడికించీసింది!"

ఆ గదులకు కిటికీల్లేవు. లోపల పెట్టిన కూలరు వదిలే తడిగాలికి బయటికి పోయే దారి లేదు. ఇంకో సంగతి కూడా ఆ మధ్యాహ్నమే తెలిసిందట. పగటి డ్యూటీవాళ్ళు లేచి వెళ్ళిన చాప మీదే రాత్రి డ్యూటీవాళ్ళు వచ్చి పడుకుంటారు. మనిషికే చోటు చాలని ఆ గదిలో, వానాకాలమంతా కూలరును ఎక్కడ పెట్టుకుంటారు?

మరుసటి వేసవికి గుమ్మం కంటే సన్నగా, పొట్టిగా, చక్రాల మీద కదిలే కూలరు తయారుచేశాడు. గుమ్మం బయట నిలబెడితే కిందినుంచి చల్లగాలి లోపలికి వెళ్తుంది, పైనుంచి ఉక్క బయటికి పోతుంది. అమ్మడం కూడా మానేశాడు. హోలీకి అద్దెకివ్వడం, మొదటి వాన పడగానే తిరిగి తెచ్చుకోవడం. వాన చూసి ఇంటింటా బజ్జీల పిండి కలుపుతుంటే, మావాడు తడుస్తూ బండెక్కేవాడు.

అతనికి ఒక నియమం ఉండేది. మొదటి బండి పగలు నిద్రపోయేవాళ్ళ గదులకే వెళ్ళాలి. పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే టెంట్‌హౌస్ యజమాని ఒకాయన, అన్నీ నాకే ఇవ్వు, ఎక్కువ ఇస్తానని ఏటా వచ్చేవాడు. "ఏక్ రాత్ బారాతీకో పసీనా ఆయేగా తో క్యా హోగా, భయ్యా?" పెళ్ళివారికి ఒక్క రాత్రి చెమట పడితే ఏమైపోతుందని నవ్వి, చాయ్ తాగించి పంపేసేవాడు.

"నీ మంచితనం నీకు అన్నం పెడుతుందా?" అని ఓసారి అడిగాను.

"మంచితనమేటప్పా! పెళ్ళోళ్ళు మళ్ళీ కనపడరు. ఈళ్ళు ఏటేటా నాకోసం సూస్తారు. ఇది యాపారం. నన్ను దేవుణ్ణి సెయ్యకు, నీకు ఆల్రెడీ చాలామందున్నారు."

కర్మలన్నీ ముగిశాక ఆదివారం సాయంత్రం అమ్మ దగ్గర అందరం కూర్చున్నాం. షెడ్డూ కూలర్లూ కలిపి కొనేస్తాను, రేపు పొద్దున్నకల్లా చెప్పమని టెంట్‌హౌస్ ఆయన కబురు పంపాడు.

"ఇచ్చీద్దాం వదినా, నీకు టెన్షన్ ఉండదు" అన్నాడు మా చిన్న తమ్ముడు.

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆడికి అన్ని పాఠాలు సెప్పినోళ్ళు, ఆడు లేకపోతే ఎవరు సూసుకోవాలో సెప్పలేదేటి?"

మరదలు నేల వైపు చూస్తూ మెల్లగా అంది. "ఆయనకిస్తే అన్నీ పెళ్ళిళ్ళకే పోతాయత్తా. ఎండలు వచ్చీసాయి. గదులోళ్ళు ఏటైపోతారు?"

"నువ్వు నడపగలవా వదినా?"

"నడిపితే కదా తెలుస్తాది. ఏ గదిలో ఎవరు పగలు పడుకుంటారో నాకు తెలుసు బాబూ. ఆడోళ్ళంతా ఫోను సేసేది నాకే కదా."

అందరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని కదా. "ఈ వేసవి నడుపుదాం. వానలు పడ్డాక మళ్ళీ కూర్చుందాం" అన్నాను. అమ్మ తలూపింది. సెలవురోజుల్లో బండితో తను వెళ్తానన్నాడు చిన్న తమ్ముడు. టెంట్‌హౌస్ ఆయనకు ఈ ఏడు అమ్మడం లేదని చెప్పడం, మర్నాడే మొదటి బండి పంపడం, ఇదీ ఆ సాయంత్రం మేం అనుకున్నది.

దీపం పెట్టి హారతి పళ్ళెం తెచ్చాను. మరదలు చేతులు చాచింది. ఆమె గోళ్ళ సందుల్లో పీచు ఇరుక్కుని ఉంది. మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా షెడ్డుకు వెళ్ళి, కూలర్లలో పాత గడ్డి పీకేసి కొత్త వట్టివేళ్ళు కట్టి వచ్చిందట. మంట మీదుగా చేతులు తిప్పి కళ్ళకద్దుకుంటుంటే, కర్పూరం వెనకే తడి వట్టివేళ్ళ వాసన గదంతా నిండింది.