బాలమణి గురించి చెప్పిన కబురు

ఒక్క మాట అన్నాను. అది ఇన్నేళ్లుగా నా వెంటే తిరుగుతోంది. కూర తరుగుతుంటే గుర్తొస్తుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా హాయిగా కూర్చోనివ్వదు. మా వారికి చెప్పలేదు, మా అక్కకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నేను సాకులు మొదలుపెడితే మాత్రం నమ్మకండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

నేను బడిపంతులమ్మని. మా వారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి మలక్‌పేటలో అద్దెకు దిగాం. నాకు పాతబస్తీలో, జహనుమా దగ్గర ఒక చిన్న సర్కారు బడిలో పని దొరికింది. ఒకటో తరగతి ఇచ్చారు. ఆ పిల్లల మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాట విని వాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది.

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. తల్లిదండ్రుల్లో చాలామందికి చదువు రాదు. చీటీ రాసి పంపితే దాన్ని చదివి చెప్పేవాళ్లను మళ్లీ వెతుక్కోవాలి. అందుకని శనివారం ఇంటిగంట కొట్టాక నేను మెట్ల మీద నిలబడేదాన్ని. వాళ్లు కింద నిలబడేవాళ్లు. ఈ వారం ఏం నేర్చుకున్నారో, ఎవరికి గుణింతాలు పట్టుబడ్డాయో, ఎవరు బలపాలు కొరికి తింటున్నారో ఒక్కొక్కరికీ నోటితోనే చెప్పేదాన్ని. అందరూ దాన్ని టీచరమ్మ కబురు అనేవాళ్లు. నేను బాగుందంటే ఆ రాత్రి పిల్లకు ఇంట్లో ముద్దు, బాగా లేదంటే దెబ్బలు. నేనన్నదే వేదం. అది నాకు నచ్చేది. అవును, నచ్చేది, ఇప్పుడు దాచడం ఎందుకు?

ఆ మరుసటి ఏడు బాలమణి వచ్చింది. వాళ్ల నాన్న మల్లయ్య రైల్వేలో గ్యాంగుమన్. పొద్దున్నే సైకిల్ ముందు కడ్డీ మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని తెచ్చి దింపేవాడు. ఇంట్లో అతని తల్లికి పిల్లను బడికి పంపడం ఇష్టం లేదు. మలక్‌పేటలో ఎవరింట్లోనో చంటిపిల్లను ఎత్తుకునే పనికి పెడదామని ఆమె పోరు. టీచరమ్మ ఏం చెబితే అదే చేద్దాం అని మల్లయ్య ఆమె నోరు మూయించాడట. ఈ సంగతి నాకు అతనే చెప్పాడు, నవ్వుతూ. కాబట్టి నాకు తెలియక అన్నాను అనడానికి లేదు.

ఆ ఏడు నేను ప్రైవేటుగా బీఏ కట్టాను. పాస్ అయితే హైస్కూలుకు వెళ్లొచ్చని ఆశ. ఇంట్లో పుస్తకం తెరిస్తే ఏదో ఒక పని. అందుకని క్లాసులోనే చదువుకునేదాన్ని. బల్ల మీద నా పుస్తకం, కింద పిల్లలు. వాళ్లను దిద్దుకోమని నేను నా చరిత్ర పాఠాలు బట్టీ పట్టేదాన్ని. వాచకంలో మొదటి నాలుగు పేజీలు కూడా దాటలేదు. తనిఖీ వస్తోందని తెలిసేసరికి కుడితిలో పడ్డ ఎలుకనైపోయాను. ఏం చేశానంటే, ఆవు పాఠం ఒక్కటి పట్టుకుని పిల్లలందరికీ కంఠతా పెట్టించాను. వేలు అక్షరాల మీద నడుస్తుంది, నోరు దాని పాటికది చెబుతుంది. తనిఖీలో తెరిపించేది ఆ పేజీయే. కొత్త టీచర్లు ఇలాగే గట్టెక్కుతారని మా హెడ్మాస్టారే నేర్పారు.

అందులో ఒక్క పిల్ల మాత్రం నిజంగా చదివేది. బాలమణి. దానికి నేను నేర్పలేదు. పక్క గదిలో మూడో తరగతి పిల్లల వెనకాల కూర్చుని తనే పట్టేసింది. వాళ్ల నాన్న పత్తర్‌గట్టి బజారుకు తీసుకెళితే, ఉర్దూ బోర్డుల కింద చిన్నగా రాసిన తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ వచ్చేదట. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, నేను చదువుకుంటున్న పుస్తకం అట్ట మీది పేరు చదివి, గిది మా పాఠమేనా టీచర్ అని అడిగింది. పుస్తకం సొరుగులో పెట్టేశాను. చూశారా, క్లాసులో మొట్టమొదట చదువు వచ్చిన పిల్లను చూసి ఏ పంతులమ్మయినా మురిసిపోతుంది. నేను భయపడ్డాను.

తనిఖీ ముందు రోజు హెడ్మాస్టారు తనే ఇన్‌స్పెక్టరులా వచ్చి పిల్లల్ని అడిగారు, ఏమేం పాఠాలయ్యాయని. అన్నీ అయ్యాయని నేర్పినట్టే అందరూ అరిచారు. బాలమణి లేచి నిలబడింది. ఆవు పాఠమొక్కటే అయిందని, రోజూ గదే చదువుతున్నామని, తక్కినవి చదవమంటే తను చదువుతానని చెప్పింది. ఆ పిల్లలో పొగరు లేదు. అడిగారు కాబట్టి చెప్పింది. హెడ్మాస్టారు నా వైపు చూసి, "చూసుకోండమ్మా" అని వెళ్లిపోయారు.

చూసుకున్నాను. తనిఖీ రోజున చదువు రాని పిల్లల్ని ఇంట్లో ఉండమనడం అన్ని బడుల్లోనూ ఉన్నదే. ఆ సాయంత్రం మొద్దు పిల్లల ఇళ్లవాళ్లతో పాటు మల్లయ్యకు కూడా చెప్పాను, రేపు పిల్లను పంపొద్దని. ఎందుకని అతను అడగలేదు. అయినా ఆ పిల్ల మర్నాడు వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఎర్ర రిబ్బను కట్టుకుని ఒక్కతే వచ్చింది. గేటు దగ్గర ఆయా నా మాట ప్రకారం వెనక్కి పంపేసింది. కిటికీలోంచి ఆ రిబ్బను కనబడింది. నేను బోర్డు వైపు తిరిగాను. తనిఖీ దివ్యంగా జరిగింది. ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకున్నారు.

ఆ మర్నాడే శనివారం. అందరి కబుర్లూ చెప్పాను. ఆఖరున మల్లయ్య, ఖాకీ బట్టల్లోనే, కూతురి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చాడు. ఇంకా నలుగురైదుగురు తల్లులు అక్కడే ఉన్నారు. హెడ్మాస్టారు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నిన్న బడి ఉండె గద టీచరమ్మా?"

"ఉంది మల్లయ్యా."

"తనిఖీ నాడు ఇంట్ల ఉండుమనేది సదువు రానోళ్లనే. మా బస్తీల అందరికెరుకే. నాకు లొల్లి వెట్టుకోవాల్నని లేదు. గాని గీ పిల్ల బోర్డులు సదువుతది. బస్సుల మీద రాసింది సదువుతది. నాకా అక్షరం ముక్క రాదు. అది సదివింది నిజమో, ఊకె నోటికొచ్చింది జెప్తున్నదో నాకెట్ల తెలుస్తది? మీరు జెప్పుండ్రి. దీనికి సదువొస్తదా, రాదా?"

ఎంత సూటిగా అడిగాడు. వస్తుంది అంటే, మరి నిన్న ఎందుకు వద్దన్నారు అని అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు ఒక్కటే, అది చెబితే అంతమందిలో నా పరువు పోతుంది. వెనకాల హెడ్మాస్టారు. అయ్యో, హెడ్మాస్టారేం చేస్తారు? ఆయనకన్నీ తెలుసు. నేను భయపడింది ఆయనకు కాదు. మెట్ల మీద నిలబడి రాజ్యం ఏలుతున్న నేను, ఆ తల్లుల ముందు కిందికి దిగాలి. అదీ అసలు సంగతి.

"రాదు మల్లయ్యా," అన్నాను. "అది చదవడం కాదు. విన్నది అప్పజెబుతుంది, అంతే."

"గట్లనా," అన్నాడు. "మా అమ్మ జెప్తనే ఉండె. నేనే మొండికేసిన," అన్నాడు.

బాలమణి నా మొహంలోకి చూసింది. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే పిల్ల, ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు. అబద్ధం అని అరుస్తుందనుకున్నాను. అరవాలనే కోరుకున్నానేమో కూడా. అది అరవలేదు. టీచరమ్మ చెప్పింది కాబట్టి నమ్మింది. తనకు చదువు వచ్చన్న సంగతిని కాదనుకుని, రాదన్న నా మాటను నమ్మింది.

తర్వాతి వారం నుంచి దాని చోటు ఖాళీ. నెల తిరక్కుండానే మా వీధి చివర ఒక గేటు దగ్గర, చంటిపిల్లను చంకనెత్తుకుని కనబడింది. తన కన్నా ఆ పిల్లే బరువుగా ఉంది. నన్ను చూసి నమస్తే టీచర్ అంది. ఆ మర్నాటి నుంచి చుట్టూ తిరిగి వేరే స్టాపులో బస్సెక్కాను. ఇంటికెళ్లి మల్లయ్యతో ఒక్క మాట చెప్పి ఉంటే? అప్పటికి ఇంకా ఆలస్యం కాలేదు. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. పరీక్షలయ్యాయి, పాసయ్యాను, మా వారు మిఠాయిలు పంచారు. ఎందుకో హైస్కూలు పోస్టుకు మాత్రం అర్జీ పెట్టలేదు. అది ప్రాయశ్చిత్తం అని కొన్నాళ్లు చెప్పుకున్నాను. అబ్బే, దానివల్ల ఆ పిల్లకు ఒరిగిందేమిటి?

పోయిన ఏడాది ఒక శనివారం, అవే మెట్లు. ఇప్పుడు నేనే హెడ్మిస్ట్రెస్‌ని. అయినా ఒకటో తరగతి కబురు నేనే చెబుతాను. పసుపు చీరలో ఒకామె, పక్కన చిన్న పాప. గుర్తుపట్టలే గద టీచర్, నేను బాలమణిని, మల్లయ్య బిడ్డను అంది. నాన్న పోయి రెండేళ్లయిందట. ఆమె ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకుంది. "నాకు సదువు రాదని మీరు గప్పుడే జెప్పిండ్రు. మా బాపుకు ఫికర్ తప్పింది. నా బిడ్డకెట్లుంది టీచర్?" అంది.

బాగా చదువుతుందని చెప్పాను. నిజమే చెప్పాను. ఆ పాప అప్పుడే గోడ మీద రాసిన బడి నియమాలు వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఒత్తు దగ్గర ఆగిపోయింది. బాలమణి, గోడకేసి చూస్తూనే, ఆ మాట అందించింది. వెంటనే నేను చూస్తున్నానని గమనించి సిగ్గుపడింది.

"సదువుడు గాదు టీచర్. ఎప్పుడో విన్నది అప్పజెప్తున్న, అంతే."

నా మాటే. అక్షరం పొల్లు పోకుండా నా మాటే. అప్పుడైనా చెప్పానా? లేదు. నవ్వాను. పాప తల నిమిరాను. వాళ్లిద్దరూ గేటు దాటే దాకా చూసి, లోపలికెళ్లి నీళ్లు తాగాను.

ఆ పాప ఇంకా మా బడిలోనే ఉంది. వచ్చే శనివారం బాలమణి మళ్లీ వస్తుంది. అప్పుడు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. మల్లయ్యకైతే ఇక ఎప్పటికీ చెప్పలేను. ఆ రోజు మెట్ల మీద చెప్పాల్సిన కబురు ఇక్కడ చెబుతున్నాను. కనీసం ఒక్కసారి నా నోట నిజం వచ్చిందని అనిపించుకోవడానికి.

మల్లయ్యా, మీ అమ్మాయికి చదువు వచ్చు. క్లాసులో అందరికంటే ముందు దానికే వచ్చింది. నేను నేర్పకుండానే వచ్చింది.